‘ఏ ఊరమ్మా మీది?’ అని అడిగిన మనిషి

హైదరాబాద్ నుంచి ఒక పాఠకురాలు ఎనిమిది పేజీల ఉత్తరం రాశారు. పేరు, ఊరు, పనిచేసే సంస్థ ఏవీ వేయవద్దని కోరారు కనుక వాటిని తీసేసి, మిగిలిన విషయాన్ని వీలైనంతవరకు ఆమె మాటల్లోనే కుదించి ఇస్తున్నాను.

ఆమెకు 36 ఏళ్ళు. సాఫ్ట్‌వేర్ సంస్థలో మేనేజరు. భర్తదీ అదే రంగం. ఇద్దరు పిల్లలు, గచ్చిబౌలి వైపు గేటెడ్ కమ్యూనిటీలో సొంత ఫ్లాటు. పుట్టింటివారిది జగిత్యాల జిల్లాలో ఒక పల్లె. చిన్నతనంలోనే తండ్రి పోతే ఆమెనూ తమ్ముణ్ణీ చదివించింది మేనమామ. ఆయన 1994లో ఎకరంన్నర పొలం కుదువబెట్టి, బొంబాయిలో ఏజెంటు చూపిన గదిలో నెల రోజులు పడిగాపులు కాసి దుబాయ్ విమానం ఎక్కారు. స్టీల్ ఫిక్సర్‌గా, అంటే స్తంభాలకూ స్లాబులకూ ఇనుప చువ్వలు కట్టే పనిలో, పదిహేనేళ్ళు గడిపారు. 2009లో అక్కడ నిర్మాణాలు ఆగిపోయి కంపెనీ పంపించేస్తే నడుము నొప్పితో ఇల్లు చేరారు. ఆయన తెచ్చిన పులిబొమ్మ దుప్పటిని ఆమె తల్లి ఇప్పటికీ చలికాలంలో కప్పుకుంటారు. ట్యాంగ్ డబ్బాలో పప్పు పోసుకుంటారు. ఈమె ఇంజనీరింగ్ మూడో సంవత్సరం వరకు కట్టిన ప్రతి ఫీజూ ఆ మామ పంపిన డబ్బే.

గత డిసెంబరు సెలవుల్లో ఈమె భర్త, పిల్లలు, ఆడపడుచు కుటుంబంతో కలిసి వారం రోజుల కోసం దుబాయ్ వెళ్ళారు. బుర్జ్ ఖలీఫా 124వ అంతస్తు ఎక్కడానికి నలుగురి టికెట్లకు ఇచ్చిన డబ్బు, మామ చెప్పుకునే ఆనాటి నెల జీతం 600 దిర్హాముల కంటే ఎక్కువని అక్కడే లెక్క తేలి కడుపులో దేవినట్లయిందట. హోటలు వరండాలో నేల తుడిచే ఒకతను పిల్లలతో ఈమె మాట్లాడుతుండగా విని, ముఖం విప్పారించుకొని, ‘తెలుగోళ్లేనా అమ్మా? మాది మెట్‌పల్లి దిక్కు. ఏ ఊరమ్మా మీది?’ అని అడిగాడు. పక్కన ఆడపడుచు ఉంది. ‘హైదరాబాద్’ అని ఈమె ముందుకు నడిచారు. మూడో రోజు అతను మళ్ళీ ఎదురైతే 200 దిర్హాములు చేతిలో పెట్టబోయారు. అతను రెండు చేతులూ వెనక్కి పెట్టుకొని, కప్పు వైపు కెమెరా మీదికి ఒకసారి చూపు విసిరి, ‘ఇక్కడ వద్దమ్మా, సూపర్‌వైజర్ చూస్తడు’ అన్నాడు. గది ఖాళీ చేసే రోజు ఆ నోటును దిండు మీద పెట్టి వచ్చేశారు. అతనికి చేరిందో లేదో తెలియదు.

తిరిగి వచ్చిన దగ్గర్నుంచి ఫోటోలు ఎవరికీ చూపబుద్ధి కావడం లేదు. మామకు ఈ ప్రయాణం సంగతే చెప్పలేదు. భర్త మాత్రం, ‘వాళ్ళు ఇష్టపడే వచ్చారు, ఊళ్ళో కంటే నాలుగు రాళ్ళు ఎక్కువే సంపాదిస్తున్నారు, నువ్వు ఏడ్చినంత మాత్రాన వాళ్ళ జీతం పెరుగుతుందా’ అంటున్నారు. ఇంతలో ఆయనకు దుబాయ్‌లోనే ఉద్యోగం వచ్చింది. ఈ నెల 30లోగా జవాబు చెప్పాలి. అక్కడికి విహారానికి వెళ్ళడం తప్పా, స్నేహితుల దగ్గర చందాలు పోగుచేసి అక్కడి కూలీల క్యాంపుల్లో ఉండేవారికి ఏమైనా చేయవచ్చా, ఆ ఉద్యోగం ఒప్పుకోవచ్చా, మామకు ఏమని చెప్పాలి అన్నవి ఆమె ప్రశ్నలు.

మీ ఉత్తరాన్ని రెండుసార్లు చదివాను. ఎనిమిది పేజీల్లో ఆరు పేజీలు ఆకాశాన్నంటే భవనాల గురించీ, మాల్‌లో మంచు మీద జారే ఆటల గురించీ, ఎడారిలో పెరిగే పచ్చిక గురించీ, ఒకే నగరంలో ఒకరికి అంత, ఒకరికి ఇంత ఎందుకన్న ప్రశ్న గురించీ ఉన్నాయి. ‘హైదరాబాద్ అని చెప్పి నడిచాను’ అన్నది మాత్రం నాలుగో పేజీ అడుగున, రెండు పెద్ద వాక్యాల నడుమ ఒదిగి కూర్చున్న చిన్న వాక్యం. నాకు కనిపించినంతలో మిమ్మల్ని నిద్రపోనివ్వనిది అదే. మీరు అబద్ధమాడలేదు, మీ ఇల్లు హైదరాబాద్‌లోనే ఉంది. అయితే అతను అడిగింది చిరునామా కాదు. మన వైపు మనిషి పరాయి దేశంలో ‘ఏ ఊరు’ అని అడిగితే, నీకూ నాకూ మధ్య ఏదైనా బంధుత్వపు దారం దొరుకుతుందేమో చూద్దామని అర్థం. మీ జిల్లాలోనే ఉన్న మెట్‌పల్లికి మీ ఊరు ఎంత దూరమో మీకు తెలుసు. ఆ దూరాన్ని ఆ క్షణంలో మీరు నాలుగు గంటల విమాన ప్రయాణమంత చేశారు. తరువాత ఇవ్వబోయిన 200 దిర్హాములు ఆ దూరానికి కట్టబోయిన సుంకంలా ఉన్నాయి. అతను అడిగింది ఒకటి, మీరు ఇవ్వబోయింది మరొకటి.

దీన్ని నిందగా తీసుకోకండి. ఆడపడుచు ఎదుట మన పుట్టింటి పేదరికం బయటపడుతుందేమోనన్న జంకు ఎంత చదువుకున్న ఆడపిల్లకైనా ఉంటుంది. మీ అత్తవారింట్లో మీ మేనమామ సంగతి ఎంతవరకు తెలుసో మీరు రాయలేదు. తెలిసి ఉంటే ఆ జంకు అలవాటుగా వచ్చింది, తెలియకపోతే భయంగా వచ్చింది. ఈ రెండింటిలో ఏదన్నది మీరే తేల్చుకోవాలి, ఎందుకంటే తరువాత చెప్పబోయే మాటల్లో కొన్ని దాని మీదే ఆధారపడి ఉన్నాయి.

ముందుగా, వెళ్ళడం తప్పా అన్న ప్రశ్న. తప్పు కాదని ఒక్క మాటలో చెప్పి ఊరుకోవచ్చు గానీ, మీ బాధ అంతటితో తీరదు. మీరు దుబాయ్‌లో చూసిన అంతరం మీకు కొత్తది కాదు. మీరుంటున్న గేటెడ్ కమ్యూనిటీ స్లాబులకు చువ్వలు కట్టినవారు కూడా ఎక్కడి నుంచో వచ్చినవారే. ఒడిశా, బీహార్, ఛత్తీస్‌గఢ్ కూలీలు లేకుండా హైదరాబాద్ పడమటి వైపు ఒక్క టవరు కూడా లేవలేదని ఆ రంగంలో ఎవరినడిగినా చెబుతారు. వాళ్ళు రేకుల షెడ్లలో ఉన్నన్నాళ్ళూ ఆ దారినే మీరు ఆఫీసుకు వెళ్ళి ఉంటారు. వాళ్ళు మాట్లాడుకున్న భాష మీది కాదు కనుక వినపడలేదు. దుబాయ్ వరండాలో ఆ భాష మీదైంది, యాస కూడా మీదే అయింది. అందుకే అక్కడ తగిలింది. ఆ దేశం మీద కోపగించుకొని ఇక వెళ్ళకూడదనుకుంటే అది మీ ఇష్టం, కానీ కోపమంతా అక్కడే ఖర్చుచేసి ఇక్కడికి ఉత్త చేతులతో వస్తే లెక్క సరిపోదు.

ఇంకో మాట. ఆ దేశాన్ని మీరు పుట్టుకతోనే కుబేరుల రాజ్యమన్నట్లు రాశారు. అబూధాబీ నుంచి మొదటి చమురు ఓడ వెళ్ళింది 1962లో. దుబాయ్‌లో చమురు బయటపడింది 1966లో. దుబాయ్, అబూధాబీ లాంటి ఏడు ఎమిరేట్లు (చిన్న రాజ్యాలు) కలిసిన యూఏఈ దేశం ఏర్పడింది 1971 డిసెంబరు 2న, అందులోనూ ఏడోదైన రాస్ అల్ ఖైమా మరుసటి సంవత్సరం చేరింది. దానికి ముందు ఆ తీరాన బతుకుదెరువు ముత్యాలు. జపాన్ పెంపకపు ముత్యాలు వచ్చాక, 1930లలో ఆ వ్యాపారం కుప్పకూలింది. అక్కడి వర్తకులు బొంబాయి బజారు వైపు చూసేవారు, అక్కడి అంగళ్ళలో చెల్లింది మన రూపాయే. 1959లో మన రిజర్వు బ్యాంకు గల్ఫ్ కోసమని ప్రత్యేకంగా నోట్లు అచ్చువేసింది కూడా. అంతకంటే దగ్గరి సాక్ష్యం కావాలంటే చాంద్రాయణగుట్ట దాటి బార్కస్‌కు వెళ్ళి చూడండి. నిజాం సైన్యంలో కొలువు కోసం యెమెన్‌లోని హద్రమౌత్ నుంచి వచ్చిన అరబ్బుల మనుమలూ మునిమనుమలూ అక్కడే ఉన్నారు, ఆ పేటకు ఆ పేరు వచ్చింది కూడా సైనికుల బ్యారక్‌ల వల్లనే. ఒకప్పుడు కూటి కోసం అటు నుంచి ఇటు వచ్చారు, తరువాత ఇటు నుంచి అటు వెళ్ళారు. దీనివల్ల మీ మామ నడుము నొప్పి తగ్గదు, నిజమే. కానీ పైనున్నవాడు పైన, కిందున్నవాడు కింద అని దేవుడు రాసిపెట్టినట్లుగా మీరు వర్ణించిన తీరు మాత్రం సరికాదు.

మీ భర్త మాటకు వస్తాను. ఆయన చెప్పినదాంట్లో సగం నిజం ఉంది, ఆ సగాన్ని మీరు కోపంతో తోసేస్తున్నారు. వరండా తుడిచే అతన్ని ఎవరూ కట్టేసి తీసుకుపోలేదు. అతనికొక లెక్క ఉండి ఉంటుంది: ఇంటి గోడల వరకు లేచిన నిర్మాణమో, చెల్లెలి పెళ్ళి బాకీయో, ఇంటర్ చదివే కొడుకో. అతని ముఖంలో మీరు చూసింది దైన్యమని రాశారు, కానీ మీరే వర్ణించిన ప్రకారం అతను మొదట నవ్వాడు, ఊరు అడిగాడు, డబ్బు ఇవ్వబోతే తన ఉద్యోగానికి ఎక్కడ ముప్పుందో తెలిసి చేతులు వెనక్కి పెట్టుకున్నాడు. అవన్నీ తన సంగతి తాను చూసుకోగల మనిషి చేసే పనులు.

ఇక ఆయన మాటలో తప్పిన సగం. ‘ఇష్టపడే వచ్చారు’ అన్నప్పుడు ఆ ఇష్టం ఎంత అప్పు మీద నిలబడిందో చూడాలి. ప్రభుత్వ గుర్తింపు ఉన్న ఏజెంటు ఒక మనిషి దగ్గర తీసుకోదగిన రుసుము 30,000 రూపాయలు, దాని మీద జీఎస్టీ, అంతే. ఊళ్ళలో సబ్ ఏజెంట్లు ఎంత గుంజుతారో మీ మామకు మీకంటే బాగా తెలుసు. నూటికి మూడు రూపాయల వడ్డీకి తెచ్చిన అప్పు తీరేదాకా అక్కడి జీతం అతనిది కాదు. ఈ మధ్యలో జీతం ఆగినా, చెప్పిన పని ఒకటి ఇచ్చిన పని మరొకటి అయినా, పారిపోయి బయట పనిచేసుకుంటే మనవాళ్ళే ‘ఖల్లివెల్లి’ అయ్యాడంటారు, అంటే కాగితాలు లేకుండా దొంగచాటుగా ఉంటున్నాడని. ఇక క్షమాభిక్ష ఎప్పుడు ప్రకటిస్తారా, ఇంటికి తిరిగి రావడానికి ఇచ్చే ఔట్‌పాస్ కాగితం ఎప్పుడు దొరుకుతుందా అని ఎదురుచూడటమే. చట్టాలు లేవని కాదు. జీతం బ్యాంకు ద్వారానే ఇవ్వాలన్న పద్ధతి అక్కడ 2009 నుంచి ఉంది, కూలీ పాస్‌పోర్టును యజమాని దాచుకోవడం నేరం, జూన్ 15 నుంచి సెప్టెంబరు 15 దాకా మధ్యాహ్నం పన్నెండున్నర నుంచి మూడింటి వరకు ఎండలో పని చేయించకూడదు. ఆ చట్టాలు ఎంతవరకు అందుతాయన్నది ఆ మనిషి ఏ కంపెనీలో ఉన్నాడు, ఎంత అప్పుతో వచ్చాడు, ఫిర్యాదు చేసే ధైర్యం ఎంత అన్నదాన్ని బట్టి ఉంటుంది. ఇంకొకటి గమనించండి. మీరు చూసింది డిసెంబరు దుబాయ్. మీ మామ జూలైలు కూడా చూశారు.

మీకూ అతనికీ మధ్య గీత ఎక్కడ పడిందో చెబుతాను. శంషాబాద్‌లో ఇద్దరూ ఒకే విమానం ఎక్కవచ్చు. కానీ పదో తరగతి పాసు కానివారి పాస్‌పోర్టు మీద గల్ఫ్ దేశాలకు పనికి వెళ్ళాలంటే ముందుగా ప్రభుత్వ అనుమతి కావాలి. 1983 నాటి వలస చట్టం ప్రకారం అలాంటి దేశాలు 18. పది పాసైతే ఆ గొడవ లేదు. మీ పాస్‌పోర్టు మీద ఆ అనుమతి కావాలన్న ముద్ర లేదంటే కారణం మీ పది సర్టిఫికెట్టు. ఆ సర్టిఫికెట్టు దాకా మిమ్మల్ని తెచ్చింది ఇనుప చువ్వలు కట్టిన చేతులు. మీకున్న అవకాశం దోచుకున్నది కాదు, ఒకాయన ఏరికోరి మీకు ఇచ్చినది. దాన్ని చూసుకొని సిగ్గుపడితే ఇచ్చినవాడు ఏమనుకోవాలి?

ఇప్పుడు మీరు చేయగలిగినవాటి సంగతి. హోటలు ఉద్యోగితో మొదలుపెడదాం. అతని పేరు పట్టీ మీద చూశానని ఆ పేరు నాకు రాశారు, ఇక్కడ వేయడం లేదు. చీటీ లేకుండా గదిలో వదిలిన డబ్బు చాలా హోటళ్ళలో అతిథి మరచిపోయిన వస్తువు కింద జమ అవుతుంది. దాన్ని ఎవరైనా తీసుకుంటే దొంగతనమన్న మాట కూడా పడవచ్చు. ఇచ్చే ఉద్దేశమే ఉంటే కవరులో పెట్టి, పేరు రాసి, ఇది బహుమానమని ఒక్క వాక్యం రాసి రిసెప్షన్‌లో ఇవ్వాలి. అయిపోయినదానికి ఇప్పుడు హోటలుకు ఫోను చేసి ఆ 200 ఏమైందని ఆరా తీయడం మాత్రం వద్దు. విచారణ మొదలైతే అది అతని మెడకు చుట్టుకోవచ్చు. దానికి బదులు ఆ హోటలు మేనేజరుకు, ఫలానా తేదీల్లో ఫలానా అంతస్తులో ఈ పేరుగల ఉద్యోగి మర్యాద, శ్రద్ధ మాకు నచ్చాయని నాలుగు వాక్యాల మెయిల్ రాయవచ్చు. అతిథి పేరుపెట్టి మెచ్చుకున్న ఉత్తరం అలాంటి కొలువుల్లో అప్పుడప్పుడు అక్కరకొస్తుంది. అందులో డబ్బు ప్రస్తావన, తెలుగులో మాట్లాడుకున్న ప్రస్తావన రెండూ ఉండకూడదు. ఇది చాలా చిన్న పని. మీ మనసుకు పూర్తి ఊరట ఇవ్వదు, ఇవ్వనవసరం కూడా లేదు, ఎందుకంటే అది అతని కోసం చేసే పని.

చందాల ఆలోచన మానుకోండి. ఆ దేశంలో అనుమతి లేకుండా విరాళాలు పోగుచేయడం చట్టరీత్యా నేరం. మీరు హైదరాబాద్‌లో కూర్చొని మొదలుపెట్టినా, అక్కడ పంచిపెట్టే మీ స్నేహితురాలు ఇరుక్కుంటుంది. క్యాంపులో ఉండేవారి ఫోటోలు అనుమతి లేకుండా తీసి పెట్టడం కూడా అక్కడ కేసయ్యే పనే. చట్టం మాట అటుంచినా, అలసిపోయి పడుకున్న పది మందిని ఫోటో తీసి చందా అడగడం నాకు నచ్చదు. మీకూ నచ్చదనే అనుకుంటున్నాను.

మీ చదువూ తీరికా నిజంగా పనికొచ్చే చోటు మీ ఊరి పక్కనే ఉంది. గల్ఫ్‌కు బయలుదేరే కుర్రవాడికి వీసా వచ్చిందనగానే ఇల్లంతా హడావుడి. ఆ కాగితంలో ఏముందో చదివి చెప్పేవారు ఉండరు. ఏజెంటుకు లైసెన్సు ఉందో లేదో కేంద్ర ప్రభుత్వ ఈ-మైగ్రేట్ వెబ్‌సైటులో చూడవచ్చు. ఒప్పందంలో జీతం, పని పేరు, తిండి, వసతి, ఓవర్‌టైమ్, తిరుగు టికెట్ ఎలా రాశారో మీరు పది నిమిషాల్లో చదవగలరు. ప్రవాసీ భారతీయ బీమా యోజన అని ఒకటుంది, రెండేళ్ళకు 275 రూపాయలు, మూడేళ్ళకు 375. ప్రమాదంలో పోయినా శాశ్వతంగా అవిటి అయినా 10 లక్షలు వస్తాయి. కట్టి కూడా ఆ కాగితం ఇంట్లో ఇచ్చి వెళ్ళనివారు ఎందరో. విజిట్ వీసా మీద పనికి తీసుకెళతానంటే అక్కడే ఆపగలిగితే ఒక కుటుంబం నిలబడుతుంది. తెలంగాణ ప్రభుత్వానికి టామ్‌కామ్ అనే సంస్థ ఉంది, ఏజెంటు లేకుండా దాని ద్వారా వెళ్ళే దారి ఉందని కూడా చాలామందికి తెలియదు. గల్ఫ్‌లో చనిపోయినవారి కుటుంబాలకు రాష్ట్రం ఇచ్చే 5 లక్షల సాయానికి దరఖాస్తు ఎలా పెట్టాలో తెలియక ఏ ఇంట్లోనైనా కాగితాలు మూలన పడి ఉన్నాయేమో కనుక్కోవచ్చు. నెలకు ఒక ఆదివారం చాలు. ఇందులో కష్టం కూడా ఉంది, ముందే చెబుతున్నాను: సబ్ ఏజెంటు మీ దూరపు చుట్టమే కావచ్చు, వాడి నోటి దగ్గరి కూడు తీశారని మీ అమ్మగారితో మాట్లాడటం మానేయవచ్చు. మీరు వద్దన్న వీసా మీద వెళ్ళి బాగుపడినవాడు రెండేళ్ళకు కారేసుకొని వచ్చి మిమ్మల్ని నవ్వవచ్చు కూడా. అలాంటివి తట్టుకోలేననుకుంటే ఈ పని ఎత్తుకోకండి. ఊళ్ళో ఒక పిల్లకు మీ మామ మీకు చేసినట్లే ఫీజు కట్టండి. అందులో మాటలు పడే అవసరం లేదు.

ఉద్యోగం సంగతి. వద్దనుకుంటే వద్దనుకోండి, కానీ దానికి నీతి రంగు పూయకండి. మీ ఆయన వెళ్ళనంత మాత్రాన ఆ కుర్చీ ఖాళీగా ఉండదు, ఆ వరండా తడిగుడ్డ ఒక్క అడుగు కూడా తగ్గదు. పిల్లల చదువు, మీ సొంత ఉద్యోగం, పెద్దవాళ్ళ ఆరోగ్యం, ఇవన్నీ వద్దనడానికి చాలినంత మంచి కారణాలు. ఆ లెక్కలు వేసుకొని, ఇంకొకరి కష్టం చూడలేక వదులుకున్నామని చెప్పుకుంటే, పదేళ్ళ తరువాత ఆ వదులుకున్న జీతం కోపంగా మారి మీ భర్త నోట వస్తుంది.

వెళ్ళదలచుకుంటే మాత్రం ఒక విషయం ఇప్పుడే ఆలోచించాలి. వారం రోజుల అతిథికి కలిగిన ఇబ్బంది మూడు నెలల నివాసికి కలగదు. కళ్ళు అలవాటు పడతాయి. అక్కడ ఇద్దరూ ఉద్యోగం చేసే ఇంట్లో పనిమనిషిని పెట్టుకోవడం మామూలు సంగతి. ఆమె వీసా మీ కుటుంబం పేరు మీద వస్తే మీరే ఆమెకు కఫీల్, అంటే ఆమె వీసాకు పూచీపడే యజమాని. రాయచోటి, రాజంపేట వైపు నుంచో, కోనసీమ నుంచో కువైట్‌కు వెళ్ళిన అక్కచెల్లెళ్ళు ఖద్దామాలుగా, అంటే ఇళ్ళలో పనిమనుషులుగా, పడిన పాట్లు పత్రికల్లో చదివి మీరు కన్నీళ్ళు పెట్టుకొని ఉంటారు. అప్పుడు ఆ కథలో యజమానురాలి చోటు మీది అవుతుంది. 2022లో వచ్చిన అక్కడి చట్టం ప్రకారం ఆమెకు వారానికి ఒక రోజు సెలవు, రోజుకు కనీసం 12 గంటల విశ్రాంతి, అందులో 8 గంటలు వరసగా, ఏడాదికి 30 రోజుల జీతంతో కూడిన సెలవు ఇవ్వాలి. పాస్‌పోర్టు ఆమె దగ్గరే ఉండాలి. శుక్రవారం మీ ఇంటికి పది మంది భోజనానికి వస్తున్నారని ఆమె సెలవును శనివారానికి, శనివారం నుంచి వచ్చే వారానికి జరిపే రోజు ఒకటి వస్తుంది. ఆ రోజు ఏం చేస్తారో ఇప్పుడు నిజాయితీగా ఊహించుకోగలిగితే, మీరు వెళ్ళవచ్చో లేదో నాకంటే మీకే బాగా తెలుస్తుంది. ఇంకా ఒకటి: అక్కడ మీ కుటుంబపు ఉనికి కూడా మీ ఆయన ఉద్యోగానికి ముడిపడిందే. జీతాల్లో, వసతిలో, గౌరవంలో ఎంత తేడా ఉన్నా, ఉద్యోగం పోతే పెట్టె సర్దుకొని రావలసినవారి జాబితాలో మెట్‌పల్లి మనిషీ మీరూ ఇద్దరూ ఉంటారు. ఇది తెలిసి వెళ్ళేవారు కొంచెం తల వంచుకొని నడుస్తారు.

చివరగా మీ మేనమామ. ఇంతకాలం దాచారు కనుక ఇక దాచేస్తే సరిపోతుందేమోనని కూడా మీకు అనిపిస్తున్నట్లుంది. దాచవచ్చు. కానీ మీ పిల్లలు బుర్జ్ ఖలీఫా గురించి చెప్పకుండా ఉండరు, వచ్చే బతుకమ్మకు ఊరు వెళ్ళినప్పుడు అది వాళ్ళ నోట ముందు వస్తుంది, అప్పుడు ఆయనకు కలిగే బాధ మీరు ఇప్పుడు చెబితే కలిగేదానికి రెట్టింపు. మీరే చెప్పడం ఒక దారి. అయితే వెళ్ళి ఆయన ముందు ఏడ్చి, ‘నన్ను క్షమించు మామా, నువ్వు కష్టపడిన చోట నేను జల్సా చేశాను’ అని మాత్రం అనకండి. అప్పుడు మిమ్మల్ని ఓదార్చే పని కూడా ఆయన మీదే పడుతుంది. పదిహేనేళ్ళు చేసిన చాకిరీ చాలదా? ఆ ఏళ్ళ గురించి మాట్లాడటం ఆయనకు ఇష్టం లేకపోవచ్చు కూడా. గల్ఫ్ నుంచి తిరిగి వచ్చిన మగవాళ్ళు దుప్పట్ల గురించి చెప్పినంతగా క్యాంపు గదుల గురించి చెప్పరు. ఆయన మాట దాటేస్తే వదిలేయండి. వరండాలో ‘హైదరాబాద్’ అన్న మాట సంగతి ఆయనకు చెప్పాలా వద్దా అన్నది అప్పటి మాటల వరసను బట్టి మీకే తెలుస్తుంది. ఆడపడుచుకు మాత్రం చెప్పండి. నా చదువు మా మామ చువ్వలు కట్టిన డబ్బుతో అయిందని, ఆమె ఇంటి వరండాలోనే, టీ తాగుతూ, మామూలు గొంతుతో.

మేనమామ దగ్గరికి వెళ్ళడానికి మీకు మంచి కారణం ఉంది, దాన్ని మీరు గమనించలేదు. దుబాయ్ వెళ్ళాలా వద్దా అని మీరు నన్ను అడిగారు, మీ ఆయన తన స్నేహితులను అడిగారు, ఇంటర్నెట్‌లో జీవన వ్యయాల పట్టికలు చూశారు. మీ కుటుంబం మొత్తంలో ఆ నగరంలో పదిహేనేళ్ళు బతికిన మనిషి ఒక్కరే, ఆయన్ను ఇద్దరిలో ఎవరూ అడగలేదు. జీతం ఆలస్యమైతే ఎన్నాళ్ళు ఆగాలి, ఏ కాగితం మీద సంతకం పెట్టేముందు ఆలోచించాలి, ఎండ పిల్లలను ఏం చేస్తుంది, ఇంటి మీద బెంగ ఎన్నో నెలలో తగులుతుంది, ఇవి ఆయనకు తెలుసు. గడువు 30వ తేదీ అన్నారు. అంతకు ముందు ఆదివారం మీ ఆయన్ను కూడా వెంటబెట్టుకొని వెళ్ళి అడగండి. ఫోటోలు తీసుకెళ్ళండి. భవనాల ఫోటోలు చూపేముందు ఆయన కళ్ళజోడు ఎక్కడుందో వెతికి ఇవ్వండి. ఆ వయసులో చిన్న తెర మీద చువ్వల పని చేసిన అంతస్తు గుర్తుపట్టడం కష్టం.